ప్యాక్ కొనకుండా సెషన్ల నాడి చూడటం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీకు అప్పగించిన ఒరాకిల్ డేటాబేస్ స్టాండర్డ్ ఎడిషన్ 2 అనీ, మధ్యాహ్నం వేళ అది ఎందుకు నెమ్మదిస్తోందో అంతుపట్టడం లేదనీ రాశావు. 10జీ వెర్షన్ కాలం నుంచి ఒరాకిల్ తానే యాక్టివ్ సెషన్లను (ఆ క్షణంలో పనిలో ఉన్న కనెక్షన్లను) సెకనుకొకసారి నమోదు చేస్తున్నది గాని, ఆ చరిత్రను చదవాలంటే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌తో పాటు డయాగ్నస్టిక్స్ ప్యాక్ అనే అదనపు లైసెన్స్ ఉండాలి. నీ ఎడిషన్‌కు ఆ ప్యాక్ డబ్బిచ్చినా దొరకదు. ఆ చరిత్రను చూపే వ్యూ కనిపిస్తోంది కదా అని దాని జోలికి పోకు. స్టాట్స్‌ప్యాక్ అనే లెక్కల సాధనం ఉచితమే, పెట్టుకో. అయితే గంట మొత్తం లెక్కలో మూడు నిమిషాల ఇబ్బంది కలిసిపోతుంది.

ఇప్పుడున్న సెషన్లను చూపే వీ డాలర్ సెషన్ (V$SESSION) అనే వ్యూను చదవడానికి మాత్రం ఏ ప్యాకూ అక్కర్లేదు. సెకనుకొకసారి దాన్ని చదివి, యాక్టివ్‌గా ఉన్న సెషన్లను, నీ సొంత సెషన్‌ను మినహాయించి, ఒక టేబుల్‌లో రాసిపెట్టే చిన్న ప్రొసీజర్ చాలు. శాంపిల్ సమయం, సిడ్ (సెషన్ నంబరు), సీరియల్ నంబరు, మాడ్యూల్, ఎస్‌క్యూఎల్ ఐడీ (నడుస్తున్న క్వెరీ గుర్తు), స్టేట్, ఈవెంట్ (దేని కోసం ఆగిందో), బ్లాకింగ్ సెషన్ (దాన్ని ఆపుతున్న సెషన్) తప్పక ఉండాలి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. స్టేట్ కాలమ్‌లో ‘వెయిటింగ్’ అని లేకపోతే ఆ సెషన్ సీపీయూ మీద ఉన్నట్టే లెక్క. అప్పుడు ఈవెంట్, వెయిట్ క్లాస్ (నిరీక్షణ రకం) కాలమ్‌లలో కనిపించేది ఎప్పుడో ముగిసిపోయిన పాత నిరీక్షణ. కనుక వెయిట్ క్లాస్ ‘ఐడిల్’ (పని లేక ఊరికే ఉండటం) అయిన వరుసలన్నింటినీ గుడ్డిగా తీసేస్తే, అప్పుడే క్లయింట్ నుంచి పని అందుకుని సీపీయూను తినేస్తున్న సెషన్లు కూడా కొట్టుకుపోతాయి. ‘వెయిటింగ్’లో ఉండి, ఐడిల్ కూడా అయినవాటినే వదిలెయ్యి.

రెండో పొరబాటు నేను చేసినదే. ఒకప్పుడు పనిచేసిన ఆఫీసులో ఒక ఉదయం శాంపిళ్లన్నీ రో లాక్ (ఇంకొకరు మారుస్తున్న రికార్డుపై ఉన్న తాళం) కోసం ఆగిన సెషన్లతో నిండిపోయాయి. బ్లాకింగ్ సెషన్ నంబరు ప్రతి వరుసలోనూ ఉంది గాని, ఆ నంబరు గల సెషన్ వరుస ఒక్కటీ లేదు. ఎవరో స్క్రీన్‌లో మార్పు చేసి, కమిట్ చేయకుండా, అంటే దాన్ని ఖాయం చేయకుండా, టీకి వెళ్లారట. పని చేయని సెషన్ యాక్టివ్ కాదు కనుక నా క్వెరీ దాన్ని ఏరిపారేసింది. నేను వెతికేసరికి ఆ సెషనే లేదు. అందుకని ఇతరులను ఆపుతున్న సెషన్ ఖాళీగా కూర్చున్నా దాని వరుసను కూడా రాయించు. లెక్కలో కలవకుండా దానికి ఒక గుర్తు పెట్టు.

క్వెరీ పాఠం కోసం శాంపిల్ తీసే క్షణంలోనే క్వెరీల పాఠాలుండే వీ డాలర్ ఎస్‌క్యూఎల్ వ్యూతో జాయిన్ చేయకు, అది భారం. కొత్తగా వచ్చిన ఐడీల పాఠాన్ని అయిదు నిమిషాలకొకసారి విడిగా తెచ్చుకో. ఆలస్యం చేస్తే షేర్డ్ పూల్ (క్వెరీలను దాచి ఉంచే మెమరీ) నుంచి జారిపోవచ్చు. పార్టిషనింగ్ (టేబుల్‌ను ముక్కలుగా విడదీసే సౌకర్యం) కూడా నీ ఎడిషన్‌లో లేదు కాబట్టి వారానికి ఏడు టేబుళ్లు పెట్టుకుని, ఏ రోజు టేబుల్‌ను ఆ రోజు మొదట్లో ట్రంకేట్ చేసి ఖాళీ చెయ్యి.

ఇక చదవడం. పది నిమిషాల్లో 600 శాంపిళ్లకు 5,400 వరుసలు పడ్డాయంటే సగటున 9 సెషన్లు పనిలో ఉన్నాయన్నమాట. వాటిలో 7 సీపీయూ మీద కనిపిస్తూ, నీ సర్వర్‌లో ఉన్నవి 4 కోర్లే అయితే, కొన్ని సీపీయూ కోసమే క్యూలో నిలబడ్డాయని అర్థం. ఒక్కో నిరీక్షణ సగటున ఎంతసేపు పట్టిందో మాత్రం శాంపిళ్ల నుంచి లెక్కగట్టవద్దు: పొడవైనవి తరచుగా కంటబడతాయి, పొట్టివి తప్పించుకుంటాయి, సగటు తప్పుతుంది.

ఒక వారం నడిపి, మధ్యాహ్నం రెండు నుంచి మూడు వరకు ఈవెంట్ వారీగా, ఎస్‌క్యూఎల్ ఐడీ వారీగా వరుసల లెక్క తీసి నాకు పంపు.

ఇట్లు,
మామయ్య