ఉప్పునీటి తొట్టెలో నీరు కదలాలంటే

ప్రశ్న: మా ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. ఫిల్టర్ నిత్యం పనిచేస్తున్నా రాళ్ల వెనుక ఇసుకపై ఎర్రని జిగట పొర కడుతోంది; తెల్లవారేసరికి క్లౌన్ చేపలు పైకి చేరి ఆయాసపడుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ పొర చాలావరకు సయనోబ్యాక్టీరియా (జిగట పొరలా పెరిగే ఒక రకం సూక్ష్మజీవులు) అయి ఉంటుంది. నీరు నిలిచిపోయిన మూలల్లో మిగిలిన మేత, చేపల వ్యర్థాలు పేరుకున్నప్పుడు అది త్వరగా వ్యాపిస్తుంది. ఫిల్టర్ నుంచి వచ్చే ఒక్క ధార తొట్టెనంతా కదిలించలేదు కనుక, గంటకు సుమారు 1,500 లీటర్ల నీటిని తోసే చిన్న వేవ్‌మేకర్లు (తొట్టె లోపల నీటిని కదిలించే పంపులు) రెండింటిని చెరో పక్క అద్దానికి బిగించి, వాటి ధారలు మధ్యలో ఢీకొని చెదిరిపోయేలా తిప్పండి. ఒకదాని ముఖాన్ని కాస్త పైకెత్తితే నీటి ఉపరితలం అలలుగా కదిలి, ప్రాణవాయువు బాగా కరుగుతుంది. చేపల ఆయాసానికి ముందుగా చేయవలసింది ఇదే. రాళ్లను వెనుక అద్దానికి ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి. తర్వాత చిటికెడు మేత వదిలి గమనిస్తే, రేణువులు ఎక్కడ ఆగిపోతున్నాయో అక్కడికి ప్రవాహం అందడం లేదని తెలుస్తుంది. ఇసుక ఎగిరిపోతుంటే పంపును కొద్దిగా పైకి జరపండి. కరెంటు పోయినప్పుడు ఈ కదలికంతా ఆగిపోతుంది కాబట్టి, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపును తప్పనిసరిగా దగ్గర ఉంచుకోండి.