వర్ధమాన దేశాల్లో వాణిజ్య బ్యాంకుల లిక్విడిటీ (అడిగినప్పుడు వెంటనే డబ్బు చెల్లించగల స్థోమత) దేన్నిబట్టి మారుతుంది?

పుస్తకాలు చెప్పే జవాబు అందరికీ తెలిసిందే: బ్యాంకు సైజు, మొండి బాకీలు, వడ్డీ రేట్లు, ద్రవ్యోల్బణం. తప్పనను. కానీ ఒక చిన్న బ్యాంకు ట్రెజరీలో, అంటే రోజువారీ డబ్బు సర్దుబాటు చూసే విభాగంలో, పదకొండేళ్లు పనిచేసినవాడిగా నేను ముందు అడిగేది ఒక్కటే. మీ డిపాజిట్లు ఎంతమంది చేతుల్లో ఉన్నాయి?

మా డిపాజిట్లలో దాదాపు ఐదో వంతు ఒక్క ప్రభుత్వ సంస్థదే. ఒకరోజు భోజనం చేసి వచ్చేసరికి టేబుల్ మీద నాలుగు లైన్ల ఉత్తరం. సాయంత్రంలోగా మొత్తం డబ్బు బదిలీ చేయాలట. మా మేనేజర్ రెండుసార్లు చదివి, వెనక ఇంకేమైనా రాశారేమోనని కాగితం తిప్పి చూశారు. ఏమీ లేదు.

మా దగ్గరున్న ప్రభుత్వ బాండ్లు చాలావరకు అప్పటికే తాకట్టులో ఉన్నాయి. పొద్దున అప్పు కావాలా అని వాళ్లంతట వాళ్లే ఫోన్ చేసిన బ్యాంకులు, మధ్యాహ్నానికి "లిమిట్ అయిపోయిందండీ" అన్నాయి. చివరికి ఒక పెద్ద బ్యాంకు ఒక్క రాత్రికి ఇచ్చింది, మా ముక్కు పిండి. ఆ రోజు చెల్లింపులు పూర్తి చేయాల్సిన సెటిల్‌మెంట్ గడువుకు పది నిమిషాల ముందు! ఆ ఉదయం రిపోర్టులో మా లిక్విడిటీ నిష్పత్తి భేషుగ్గా ఉంది. బ్యాంకుల అంతర్జాతీయ ప్రమాణమైన బాసెల్ నిబంధన 30 రోజుల ఒత్తిడికి లెక్క కడుతుంది, మాకు దక్కింది మూడు గంటలు.

ఇది మా ఒక్కరి గోల కాదు. 2015లో నైజీరియా ప్రభుత్వం తన డబ్బును కేంద్ర బ్యాంకులోని ఒకే ఖాతాకు మళ్లించమనేసరికి వాణిజ్య బ్యాంకులు ఉక్కిరిబిక్కిరయ్యాయి. నిర్ణయం సబబే, ఆ డబ్బుకు అలవాటు పడ్డ బ్యాంకులదే తప్పు. కెన్యాలో 2015 అక్టోబరులో ఇంపీరియల్ బ్యాంక్, 2016 ఏప్రిల్‌లో చేజ్ బ్యాంక్ మూతపడ్డాక, పెద్ద బ్యాంకులు చిన్నవాటికి అప్పివ్వడానికి జంకాయి. వ్యవస్థలో డబ్బు లేక కాదు, అవసరమైనవాళ్ల దగ్గర లేక.

అసలు నా కోపమంతా ఆర్థిక సంవత్సరం చివరి డిపాజిట్ టార్గెట్ల మీద. క్యూలో నిలబడి చిన్న చిన్న మొత్తాలు వేసే వేలమందిని కౌంటర్ దగ్గర కసురుకుంటాం. వాళ్ల డబ్బేమో ఏళ్లతరబడి కదలదు. అర శాతం ఎక్కువిస్తే వచ్చి, ఇంకో పావు శాతానికి వెళ్లిపోయే పెద్ద డిపాజిటరుకు మాత్రం కుర్చీ తుడిచి వేస్తాం. ఆ మూడు నెలల డబ్బుతో ఐదేళ్ల అప్పులిస్తాం.

ఇంతకీ ఆ సంస్థ డబ్బు రెండు నెలలకే మళ్లీ మా దగ్గరికి వచ్చింది, ఇంకాస్త ఎక్కువ వడ్డీకి. డిపాజిట్ల సేకరణలో ఆ ఏడాది మా వాళ్లకు షీల్డ్ కూడా ఇచ్చారు.