పేజ్‌మేకర్ 7 కొత్త సిస్టమ్‌లో నడవాలంటే

అన్నా, పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ పోయింది, పెళ్లిపత్రికల ఫైళ్లన్నీ పేజీలు డిజైన్ చేసే పేజ్‌మేకర్ 7లోనే ఉన్నాయి, విండోస్ 11లో సతాయిస్తోంది అన్నారు కదా. తిరుపతిలో గాంధీరోడ్డు పక్కన మా షాపుదీ ఇదే గోల.

2001 నాటి సాఫ్ట్‌వేర్ అది. 2004లోనే ఇక కొత్త వెర్షన్ రాదని అడోబీ చెప్పేసింది. దాన్ని విండోస్ 11తో కుస్తీ పట్టించొద్దు. వర్చువల్‌బాక్స్ (సిస్టమ్ లోపలే ఇంకో సిస్టమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, అందులో మీ ఎక్స్‌పీ సీడీనే ఎక్కించండి. పేజ్‌మేకర్‌కి సీరియల్ నంబర్ చాలు, నెట్‌లో యాక్టివేషన్ అడగదు. సీడీ కవర్ మీది నంబర్‌ని ఇప్పుడే ఫోటో తీసుకోండి; మాది సగం చెరిగిపోయింది, భూతద్దం పెట్టి చదివాం.

ఎక్స్‌పీకి 2014లోనే సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి ఆ లోపలి ఎక్స్‌పీ మెషీన్‌కి నెట్ ఇవ్వనే ఇవ్వొద్దు. ఫైళ్లు అటూ ఇటూ మార్చుకోడానికి రెండింటికీ కనిపించే షేర్డ్ ఫోల్డర్ చాలు.

ఫైలు తెరిచే ముందే అను ఫాంట్లు (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) వేయండి. లేకపోతే 'చి.ల.సౌ.' ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. మళ్లీ వాడే మ్యాటర్‌ని మాత్రం కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ఇప్పటి సిస్టమ్‌లు, ఫోన్లు చదివే తెలుగులోకి మార్చుకోండి. మార్చాక 'లక్ష్మి'లో ఒత్తులు ఉన్నాయో లేదో కళ్లతో చూడండి, పెళ్లికూతురి పేరుతో ఆటలొద్దు. డిజైన్ కూడా కావాలంటే అడోబీ వాళ్లదే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ సీఎస్6 ఈ ఫైళ్లు తెరుస్తుంది. అది ఉన్నవాళ్లు మీ ఊళ్లో ఎవరైనా ఉన్నారా?