రేడియోకి ఫోన్ చేసే ముందు

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఈ శనివారం మన ఒహాయో స్టేట్‌తో జరిగే కాలేజీ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్) మ్యాచ్‌లో మిషిగనే గెలుస్తుందని ఆ రేడియో షో ఆయన జోస్యం చెప్పాడన్నావు. ఆయన ఒకప్పుడు మిషిగన్‌కి లైన్‌మన్‌గా, అంటే ముందు వరసలో నిలబడి తోసే ఆటగాడిగా ఆడినవాడు. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి వింటుంటే అందులో మాట్లాడుతున్నది నువ్వు కాదు, కిందటేడు నేనే అనిపించింది. "మిషిగన్‌కి ఆడినవాడు మిషిగన్ గెలుస్తుందనక ఇంకేమంటాడు మామయ్యా, శుక్రవారం షోకి ఫోన్ చేసి కడిగేస్తాం" అన్నావు. కొలంబస్ వచ్చి నిండా నాలుగు నెలలు కాలేదు, అప్పుడే క్యాంపస్‌లో మిషిగన్‌ని గుర్తుచేసే ఎం అక్షరం కనబడిన చోటల్లా ఎర్ర టేపు అతికించే గుంపులో కలిశావట. మీ అమ్మ చెప్పింది. ఇంకో సంగతి. "మిషిగన్ అప్‌సెట్ చేస్తుందట" అని నువ్వంటే మా అక్క కంగారుపడి నాకు ఫోన్ చేసింది, పిల్లాడు ఎందుకు అప్‌సెట్ అయ్యాడని. చిన్న టీమ్ పెద్ద టీమ్‌ని ఓడించడాన్ని ఇక్కడ అలా అంటారని చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఫోన్ చెయ్యి, నేను వద్దనను. కానీ ముందు నా సంగతి విను.

కిందటేడు, 2024లో, థాంక్స్ గివింగ్‌కి నొవై నుంచి నా తోడల్లుడు కుటుంబంతో మా ఇంటికొచ్చాడు. వాడు మిషిగన్ యూనివర్సిటీ ఉన్న యాన్ ఆర్బర్‌లో చదివినవాడు, కారుకి పసుపు రంగు ఎం స్టిక్కరు ఉంటుంది. అప్పటికి మిషిగన్ ఆరు గెలిచి ఐదు ఓడింది. మనం దేశంలో రెండో ర్యాంకు. మ్యాచ్ మన ఊళ్ళోనే. వేగస్ పందెంవాళ్ళ స్ప్రెడ్ ఇరవై పాయింట్ల దగ్గరుంది, అంటే మనం అంత తేడాతో గెలుస్తామని అంచనా. గురువారం రాత్రి పెరుగన్నం కలుపుకుంటూ వాడు "ఈసారి కూడా మావాళ్ళే అన్నయ్యా" అన్నాడు. నేను పకపకా నవ్వాను. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నాను. వాడు ఊరుకోలేదు. "మీవాళ్ళు మధ్యలోంచి తోసుకుపోవాలని పంతం పడతారు, అక్కడ మావాళ్ళు ఇద్దరు కొండల్లా నిలబడి ఉన్నారు. మ్యాచ్ పొట్టిగా అయితే ఏమైనా జరగొచ్చు" అన్నాడు. ఆ మాట మీద నేను ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. వాడు ఎక్కడ చదివాడో నాకు తెలుసు కదా, ఇంకేం వినాలి!

శనివారం మధ్యాహ్నం మ్యాచ్. మీ అత్తయ్య వేసిన మిరపకాయ బజ్జీలు మూడో క్వార్టర్ కల్లా చల్లారి పేపరుకి అంటుకుపోయాయి. మనవాళ్ళు 26 సార్లు బంతి పట్టుకుని పరిగెత్తి సంపాదించింది 77 యార్డులు. ఎక్కువభాగం తోడల్లుడు చెప్పిన ఆ మధ్యలోకే వెళ్ళి గుద్దుకున్నారు. మన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, రెండు బంతులు వాళ్ళ చేతుల్లో పెట్టాడు. కిక్కర్ కాలితో కొట్టే ఫీల్డ్ గోల్స్ రెండు పోగొట్టాడు. మిషిగన్ పాసింగ్‌లో, అంటే బంతి విసిరి, చేసింది మొత్తం 62 యార్డులు, అది గెలిచే టీమ్ లెక్క కానే కాదు. అయినా ఇంకా 45 సెకన్లుందనగా 21 యార్డుల కిక్ కొట్టి 13-10తో గెలిచారు. తోడల్లుడు గంతులెయ్యలేదు. రిమోట్ అందుకుని సౌండ్ తగ్గించాడు, అంతే. ఆ తగ్గించడం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

వాడికి పక్షపాతం ఉందా? బోలెడుంది. చెప్పిన కారణం తప్పా? కాదు. ఈ రెండూ ఒకే నోట్లోంచి రావచ్చని అరవై దాటాక నేర్చుకున్నాను. నేను పని చేసింది ఇన్సూరెన్స్ కంపెనీలో, రిస్కు లెక్కలు కట్టే ఉద్యోగం. దీన్ని బట్టి నా తెలివి ఎంతో నువ్వే అంచనా వేసుకో.

మీ తాతయ్య సంక్రాంతికి భీమవరం పక్కన బరి దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. చట్టం ఒప్పుకోని వ్యవహారం, అది వేరే కథ. అక్కడ డేగ, కాకి, నెమలి అని రంగులు చెప్పి, ఏ రోజు ఏది నెగ్గుతుందో కుక్కుట శాస్త్రం అప్పజెప్పేవాళ్ళు బోలెడుమంది. తాతయ్య వాళ్ళ దగ్గర ఆగేవాడు కాదు. కోడిని పెంచినవాడి దగ్గరికి వెళ్ళేవాడు. "వాడు కోతలు కోస్తాడు కదా నాన్నా" అంటే, "కోయనీ, ఏ కాలు మాటిమాటికీ నిమురుతున్నాడో చూడు" అనేవాడు. మిషిగన్‌కి లైన్‌మన్‌గా ఆడిన మనిషికి ఆ టీమ్ మీద ప్రేమ ఉంటుంది నిజమే. వాళ్ళ లైన్‌లో ఎవడి మోకాలు బాగాలేదో కూడా నీకంటే నాకంటే వాడికే బాగా తెలుస్తుంది.

ఇక ఫోన్ సంగతి. నీ వంతు వచ్చేసరికి నీకు దక్కేది అర నిమిషం. "నువ్వు మిషిగన్‌వాడివి కాబట్టే ఇలా అన్నావు" అన్నావనుకో, "అవును, గర్వంగా!" అంటాడు. స్టూడియోలో అందరూ నవ్వుతారు, లైన్ కట్. అలాంటి ఫోన్లంటే వాళ్ళకి పండగ, షో నడిచేదే వాటి మీద. కాబట్టి మనిషిని వదిలేసి మాటని పట్టుకో. మర్యాదగా, గొంతు పెంచకుండా ఇలా అడుగు: "సార్, ఇదే మ్యాచ్ పదిసార్లు ఆడితే మిషిగన్ ఎన్నిసార్లు గెలుస్తుంది?"

ఈ ప్రశ్నకి తప్పించుకునే దారి తక్కువ. మూడు అన్నాడనుకో, అప్పుడు వాడు చెప్పింది అప్‌సెట్ జోస్యమే కాదు, అందరూ ఒప్పుకునే మాట. దాన్ని ఢంకా బజాయించి చెప్పాడంతే. ఆరో ఏడో అన్నాడనుకో, అప్పుడు నిజంగా పెద్ద మాటే అన్నాడు, దానికి ఆధారం చూపించాలి. మా ఆఫీసులో "ఈ ఇల్లు తగలబడుతుంది" అని ఎవరూ అనరు. ఇలాంటి ఇళ్ళు వెయ్యి ఉంటే ఎన్ని అని అడుగుతారు. టీవీలో మాత్రం అంకె లేకుండా గుండె మీద చెయ్యేసుకుని చెప్పేస్తారు. వాడు అంకె చెప్తే స్ప్రెడ్ పక్కన పెట్టి చూడు. స్ప్రెడ్‌కి ఏ కాలేజీ మీదా ప్రేమ లేదు, అది డబ్బు మనిషి. సొంత ఊళ్ళో ఆడే టీమ్‌కి రెండు మూడు పాయింట్లు కలిపే చూస్తారు, ఈసారి మ్యాచ్ యాన్ ఆర్బర్‌లో కాబట్టి అది వాళ్ళకే.

రెండో ప్రశ్నకి అవకాశం దొరికితే, ఏ దారిన గెలుస్తారో అడుగు. "మనసు చెప్తోంది", "రివల్రీ గేమ్‌లో రికార్డులు పక్కన పెట్టాలి" లాంటి మాటలు వస్తే దులిపేసుకో, అవి ఏ ఏడాదికైనా సరిపోతాయి. అసలైన అప్‌సెట్‌కి ఒక పద్ధతుంటుంది. టెస్టు మ్యాచ్‌లో పసికూన జట్టు ఆస్ట్రేలియాని ఓడించడం కష్టం. వాన పడి మ్యాచ్ పది ఓవర్లకి కుదిస్తే? పది ఓవర్లలో ఎవరైనా ఎవరినైనా కొట్టొచ్చు. ఇక్కడ ఆ వాన పనిని రన్నింగ్ గేమ్ చేస్తుంది. బలహీనమైన టీమ్ బంతిని చేతిలో పెట్టుకుని నాలుగేసి యార్డులు నెట్టుకుంటూ గడియారం నడిపిస్తుంది. రెండు వైపులా బంతి చేతికొచ్చే అవకాశాలు తగ్గుతాయి. అవకాశాలు తగ్గేకొద్దీ ఒక ఇంటర్‌సెప్షన్ (విసిరిన బంతిని అవతలివాళ్ళు పట్టెయ్యడం), ఒక తప్పిన కిక్ బరువు పెరుగుతుంది. కిందటేడు మన కొంప ముంచింది ఇదే. మీ లైన్‌మన్ గారు ఈ దారిలో మాట్లాడితే నోరు మూసుకుని విను, అక్కడ నేర్చుకునేది ఉంటుంది.

పక్షపాతం పట్టుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష ఇంకొకటుంది: పేర్లు మార్చి చూడటం. మిషిగన్ క్వార్టర్‌బ్యాక్ కుర్రాడైతే "భయం తెలియనివాడు", మనవాడు కుర్రాడైతే "అనుభవం లేనివాడు". ఇలాంటివి రెండు దొరికితే చాలు. అలాగే వాడు తన కాలేజీ ఓడుతుందని ఎప్పుడైనా చెప్పాడా అని చూడు. ఒక్కసారి ఫలించిన జోస్యాన్ని పదేళ్ళు చెప్పుకునేవాళ్ళుంటారు, తప్పిన ఇరవై మాత్రం ఎవరికీ గుర్తుండవు. లీ కోర్సో తెలుసు కదా, టీవీలో తాను గెలుస్తుందనుకున్న టీమ్ బొమ్మ తలకాయ పెట్టుకునే పెద్దాయన. 1996 అక్టోబర్‌లో మన ఊళ్ళోనే మొదలుపెట్టి, 2025 ఆగస్టు 30న మన ఊళ్ళోనే ఆపేశాడు. అంత అనుభవానికి దగ్గర దగ్గర మూడింట రెండుసార్లు నిజమైంది. అదే గొప్ప.

అన్నట్టు టీవీ వ్యాఖ్యాత కర్క్ హెర్బ్‌స్ట్రీట్ ఒకప్పుడు ఒహాయో స్టేట్ క్వార్టర్‌బ్యాకే. ఆయన మనవైపు మొగ్గుతాడని మిషిగన్‌వాళ్ళ గొడవ. మనవాళ్ళేమో మనల్ని సరిగ్గా పొగడడంలేదని ఎంత సతాయించారంటే, 2011లో ఆయన కొలంబస్ వదిలి నాష్‌విల్ వెళ్ళిపోయాడు. కారణం అదేనని తనే చెప్పాడు. చానళ్ళ సంగతి కూడా తెలుసుకో, మనమూ మిషిగనూ ఉన్న బిగ్ టెన్ కాన్ఫరెన్స్ (కాలేజీ జట్ల కూటమి) మ్యాచ్‌ల మీద ఫాక్స్ డబ్బు, దక్షిణాది జట్ల కూటమి ఎస్‌ఈసీ మీద ఈఎస్‌పీఎన్ డబ్బు ఉన్నాయి. ఎవరికి ఏ కాన్ఫరెన్స్ తీపో ఆ లెక్కలో కొంత తెలుస్తుంది.

వాడి పక్షపాతం సరే, నీది? 2021 నుంచి నాలుగేళ్ళు వరసగా ఓడిపోయాం. ఆ మంటతో విన్నవాడికి ఏ మాటైనా కుట్రలాగే వినబడుతుంది. షో పెట్టేముందు ఒక కాగితం మీద నీ అంకె రాసుకో, పదికి ఎన్ని అని. విన్నాక మళ్ళీ రాయి. అస్సలు మారకపోతే నువ్వు విననట్టే. ఇంకొక మాట. నీ టీమ్ ఓడొచ్చని ఎవరైనా అంటే, నీ టీమ్ చెత్త అన్నట్టు కాదు. 2024 సీజన్ ఫైనల్ ఎవరెవరు ఆడారు? నవంబర్‌లో మిషిగన్ చేతిలో ఓడిన మనం, సెప్టెంబర్‌లో నార్తర్న్ ఇలినాయ్ చేతిలో సొంత మైదానంలో 16-14తో ఓడిన నోటర్‌డామ్. మనం 34-23తో కప్పు కొట్టాం.

పందెం జోలికి మాత్రం పోకు. ఒహాయోలో 2023 నుంచి చట్టం ఒప్పుకుంటుంది, ఫోన్లో యాప్ ఉంది, నీ రూమ్మేట్స్ ఆడతారు, అన్నీ నాకు తెలుసు. వంద గెలవడానికి నూటపది పెట్టాలి. అంటే నూటికి 52 కంటే ఎక్కువసార్లు సరిగ్గా చెప్తే గానీ పెట్టిన డబ్బు వెనక్కి రాదు. మీ నాన్న పంపిన ఫీజు డబ్బుతో ఆ లెక్క నాకు వినిపించకు.

శనివారం పదకొండింటికల్లా వచ్చెయ్, పన్నెండుకి మ్యాచ్. తోడల్లుడు కూడా వస్తున్నాడు. ఈసారి ఏమంటాడో వాడినీ ఇవే ప్రశ్నలు అడుగుతాను, నువ్వు పక్కన కూర్చుని విను. శుక్రవారం లైన్ దొరికితే నాకు మెసేజ్ పెట్టు, కారులో రేడియో పెట్టుకుంటాను.

మీ మామయ్య
డబ్లిన్, ఒహాయో