నీడ నలుపని ఎవరు చెప్పారమ్మా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1881లో వేసిన, వెతాయ్ అనే ఊళ్లో తన తోట చిత్రం మీద రాశావు. బాగానే ఉంది. కానీ రెండో పేజీలో “దారి మీద నల్లని నీడలు పరుచుకున్నాయి” అన్నచోట కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను. తిరిగి వచ్చేసరికి టీ చల్లారిపోయింది.

బొమ్మ మళ్లీ చూడు. ఆ దారిలో నలుపు ఎక్కడుంది? నీడ నీలంగా ఉంది, వంగపండు రంగులో ఉంది. నీడకూ రంగుంటుందని మోనే, అతని తోటి చిత్రకారులు పట్టుబట్టినందుకు కూడా వాళ్లను చూసి పారిస్ నవ్వింది. నువ్వు రాసింది బొమ్మలో నీడ కాదు, చిన్నప్పుడు వాచకంలో చదువుకున్న నీడ.

“రంగురంగుల పూలు” అని మూడుసార్లు రాశావు. అవి పొద్దుతిరుగుడు పూలమ్మా, పిల్లవాడి తల మీదుగా లేచి నిలబడ్డాయి. దారికి అటూ ఇటూ నీలం, తెలుపు కుండీలు. ఇల్లు మారినప్పుడల్లా మోనే వెంట మోసుకెళ్లినవి.

నా మొదటి కథలో దొడ్లో గన్నేరు పూసిందని రాస్తే, ఒక వారపత్రిక సంపాదకుడు కొట్టేసి “సుమాలు విరిశాయి” అని వేశాడు. అచ్చులో చదివి మా అమ్మ అడిగింది: “సుమాల చెట్టు మనం ఎప్పుడు నాటాం రా?” ఆయన పోయి ఇరవై ఏళ్లయింది. నా కోపం పోలేదు. ఇప్పటివాళ్లు సుమాలు మానేసి “జ్ఞాపకాల పరిమళం” పట్టుకున్నారు, అంతే తేడా.

“ఆనందానికి చిరునామా ఈ తోట” అనీ రాశావు. అదే ఊళ్లో 1879లో అతని భార్య కమీల్ పోయింది. ఆమె ముఖం మీద నీలం, పసుపు, బూడిద రంగులు మారుతుంటే తన కళ్లు వాటంతటవే గమనిస్తూ పోయాయని ముసలితనంలో తన స్నేహితుడు క్లెమెన్సోకు చెప్పుకున్నాడు. చూపంటే అంత నిర్దయగా ఉంటుంది. ఆ చూపుతోనే రెండేళ్లకు ఈ దారి వేశాడు.

బొమ్మబండి పక్కన నిలబడ్డ పిల్లవాణ్ని “ఎవరో పిలిస్తే ఆగినట్టున్నాడు” అన్నావు చూడు, ఆ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం. దాన్ని నాలుగో పేజీ అడుగున ఎందుకు దాచావు?

పుస్తకం అచ్చు వేయించడం గురించి అడిగావు. ఆ సంగతి తర్వాత. రేపు సాయంత్రం నాలుగింటికి మీ మేడమెట్ల మీద పడే నీడ ఏ రంగులో ఉందో రాసి పంపు. కార్డు ముక్క చాలు.