టెక్ సందేహాలు: నడకలో బీపీ పెరిగితే వాచీ ఎందుకు చెప్పదు?

సందేహం: నా వయసు 58. రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద గంటసేపు నడుస్తాను. మా అబ్బాయి కొనిచ్చిన వాచీలో బీపీ ఎప్పుడు చూసినా 122/80 దగ్గరే ఉంటోంది. ఇంటికి రాగానే చేతిపట్టీ మిషన్ పెడితే 150 దాటుతోంది. ఏది నమ్మాలి? (పాలకొల్లు నుంచి ఒక పాఠకుడు)

మిషన్‌నే నమ్మండి. అలాగని 150 చూసి టెన్షన్ పడకండి. నడిచేటప్పుడు గుండె ఎక్కువ రక్తం తోస్తుంది కాబట్టి పై అంకె పెరగడం సహజం. కాళ్ల కండరాల్లో రక్తనాళాలు వెడల్పవుతాయి, అందుకే కింది అంకె పెద్దగా కదలదు, కాస్త తగ్గినా తగ్గుతుంది. కాసేపు కూర్చున్నాక పై అంకె నడకకు ముందున్న దానికన్నా కిందికి దిగి, కొన్ని గంటలు అలాగే ఉండొచ్చు కూడా. నడక చేసే మేలు కనిపించేది అక్కడే.

ఇక వాచీ సంగతి. దాని అడుగున వెలిగే పచ్చ లైటు చర్మం కింద రక్తం పొంగడాన్ని చూస్తుంది. దాంతో నాడి లెక్కపెట్టొచ్చు కానీ ఒత్తిడి కొలవడం కుదరదు, అంచనా వేయడమే. శామ్‌సంగ్ వాచీలు కూడా 28 రోజులకోసారి చేతిపట్టీ మిషన్‌తో సరిచూసుకోమంటాయి. పట్టీలో గాలి నిండని, అలా సరిచూడమని ఒక్కసారీ అడగని వాచీ బీపీ చూపిస్తుంటే అనుమానించాల్సిందే. సరదాకి దాన్ని ఒక రావులపాలెం అరటిపండుకు కట్టి చూడండి. కొన్ని వాచీలు పండుకీ నాడి చూపిస్తాయి!

నాడి విషయంలోనూ ఒక తిరకాసు ఉంది. వడిగా నడిస్తే నిమిషానికి 110, 120 అడుగులు పడతాయి. చేతి ఊపునే నాడి అనుకుని వాచీ ఆ అంకె చూపించేస్తుంది. అనుమానమొస్తే ఆగి, వెంటనే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. పట్టీని మణికట్టు ఎముకకు వేలెడు పైన కాస్త బిగించినా తేడా తెలుస్తుంది.

నడక ప్రభావం సరిగ్గా తెలియాలంటే బయల్దేరే ముందు 5 నిమిషాలు కూర్చుని ఒకసారి, రాగానే ఒకసారి, 10 నిమిషాలాగి ఇంకోసారి మిషన్‌తో చూడండి. మూడుసార్లూ అదే చెయ్యి, గుండె ఎత్తులో. మొదటి కొలతకు ముందు అరగంట కాఫీ వద్దు. మాట్లాడితే అంకె పెరుగుతుంది. మనకి పలకరింపులు ఆపడం కష్టమే గానీ, ఆ నిమిషం "ఆయ్" అని కూడా అనకండి.

విశ్రాంతిలో చూసిన అంకె రోజుల తరబడి 135/85 దాటుతుంటే ఆ లెక్కలు డాక్టరుకు చూపించండి. నడకలో ఛాతీ నొప్పి గానీ కళ్లు తిరగడం గానీ ఉంటే లెక్కల కోసం ఆగకుండా వెళ్లండి. మీరు అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు వాడుతుంటే గుండె వేగం అంతగా పెరగదు. 220లోంచి వయసు తీసేసి వాచీ పెట్టే నాడి లక్ష్యం మీకు వర్తించదు.

సందేహం: ఫోన్ కెమెరా మీద వేలు పెడితే బీపీ చెప్పే యాప్ పనిచేస్తుందా? (భీమవరం నుంచి ఒక విద్యార్థి)

ఫ్లాష్ వెలుగులో నాడి చూడొచ్చు, వేలు కదపకపోతే బాగానే చూపిస్తుంది. బీపీ మాత్రం నమ్మొద్దు. ఆ యాప్ మీ కాంటాక్టులు కూడా అడుగుతుంటే వెంటనే తీసేయండి.