ఆ బండ మీద ఫోటో సంగతి

చి.ల.సౌ. బుజ్జికి, పెద్దమామయ్య ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, జూన్ మొదటి వారంలో మీరంతా హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయకి వెళ్తున్నారని. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు దగ్గర, ఏటి ఒడ్డునే లగ్జరీ టెంట్ బుక్ చేశావట. మంచం, పరుపు, గీజరు, బాత్రూము అన్నీ డేరాలోనేనట. విని నాకెంత సంబరమైందో! నిన్ను ఆ కొండల్లోకి మొదటిసారి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది నేను. ఇప్పుడు నువ్వు మీ అమ్మనీ, నీ కొడుకునీ వెంటపెట్టుకుని అక్కడికే వెళ్తున్నావు.

అంతా చెప్పి చివర్లో గొంతు తగ్గించింది మీ అమ్మ. "చిన్నప్పుడు బండ మీద దిగిన ఫోటో ఉంది కదన్నయ్యా, అలాంటిదే పిల్లాడితో తీయించుకుంటుందట. నేను చెప్పలేను, నువ్వే చెప్పు" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు చిన్న సంగతులు చెప్పేస్తాను. చండీగఢ్ దాకా విమానం, అక్కణ్ణుంచి కారు. తెల్లారకముందే బయల్దేరండి, కొండ దారిలో చీకటి పడకూడదు. మండీ దాటాక మలుపులకి పిల్లాడికి కడుపులో తిప్పుతుంది, డాక్టర్ని అడిగి మందు తీసుకెళ్ళు. ఔట్ అనే ఊరి దగ్గరి సొరంగంలోకి వెళ్ళకుండా దానికి ముందే పక్కదారిలోకి తిరగాలి. జేబులో నగదు ఉంచుకోండి. ఎండ ఎంత కాసినా స్వెట్టర్లు, టార్చిలైటు మర్చిపోవద్దు. పార్కు లోపలికి బండ్లు వెళ్ళవు, నడకే. అనుమతి కూడా కావాలి, క్యాంపు వాళ్ళని ముందే అడుగు.

ఒక్క మాట మాత్రం అల్లుడితో కూడా కూర్చుని చెప్పు. రాత్రి చలేస్తోందని బొగ్గుల కుంపటి డేరాలోకి తేనివ్వద్దు. అంగీఠీ అంటారు అక్కడ. తలుపు జిప్పు బిగించి కుంపటి పెట్టుకుంటే కార్బన్ మోనాక్సైడ్ నిండిపోతుంది. దానికి వాసనుండదు, రంగుండదు. తలనొప్పి వస్తుంది, ప్రయాణం బడలిక అనుకుని పడుకుంటారు, మళ్ళీ లేవరు. మూసిన గదుల్లో కుంపటి పెట్టుకుని చనిపోయినవాళ్ళ వార్తలు చలికాలం వస్తే చాలు, పేపర్లో కనపడుతూనే ఉంటాయి. వేణ్ణీళ్ళ బ్యాగు అడగండి, ఇంకో రజాయి అడగండి. అంత డబ్బు తీసుకుంటున్నారు, ఇస్తారు.

సిడ్డు తిను. గోధుమపిండితో ఆవిరి మీద చేస్తారు, లోపల కూరు పెట్టి, పైన నెయ్యి పోసి. ఆరేళ్ళప్పుడు నువ్వు దాన్ని చూసి "ఇది కుడుమే కదా, పేరెందుకు మార్చారు?" అని ఆ ఇంటావిడని తెలుగులో నిలదీశావు. ఆవిడకి ఏం అర్థమైందో గానీ, ఇంకొకటి తెచ్చి నీ పళ్ళెంలో వేసింది.

ఇక ఫోటో సంగతి.

మీ ఆల్బంలో ఎర్ర స్వెట్టర్ వేసుకుని, ఏటి మధ్యలో పెద్ద బండ మీద కాళ్ళు చాపుకుని నవ్వుతూ ఉంటావు. అందరూ ఎంత బాగుందో అంటారు. ఆ ఫోటో తీసింది నేను. నా జన్మలో చేసిన పెద్ద తప్పు కూడా అదే. 1999 మే నెలాఖరు. ఆ పార్కుకి నేషనల్ పార్కు హోదా వచ్చిన సంవత్సరం. అప్పటికి ఔట్ సొరంగం లేదు, ఏటి ఒడ్డున ఈ డేరాలూ లేవు. మీ నాన్నకి సెలవు దొరక్క నన్ను తోడు పంపారు.

పొద్దున పదకొండింటికి ఏట్లోకి దిగాం. నీళ్ళు గాజులా ఉన్నాయి, అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. రాయి మీంచి రాయి మీదికి అడుగులేసుకుంటూ వెళ్తే మధ్యలో ఆ బండ. మధ్యలో రెండు చోట్ల నా పిక్కల దాకా వచ్చాయి నీళ్ళు, అంతే. నిన్ను ఎత్తుకెళ్ళి కూర్చోబెట్టి ఫోటో తీశాను. బ్రెడ్డూ అరటిపళ్ళూ తిన్నాం. ఎండకి బండ వెచ్చగా ఉంది, నువ్వు నా కండువా తలకింద పెట్టుకుని నిద్రపోయావు. లేపాలనిపించలేదు. నేనూ కళ్ళు మూసుకున్నాను.

లేచేసరికి మూడు దాటింది. ముందు నాకు తేడా తెలిసింది చప్పుడులో. పొద్దున గలగలమన్న ఏరు ఇప్పుడు కింది నుంచి గుర్రుమంటోంది. నీళ్ళు బూడిదరంగుకి తిరిగాయి. మనం వచ్చిన దారిలో తెల్లచార ఉన్న పలక రాయి ఒకటుంది, నువ్వు దాని మీద గెంతావు. దానికోసం వెతికాను. రాయి లేదు, అది ఉన్న చోట నీళ్ళు వంపు తిరిగి దూకుతున్నాయి. బండ అంచున విప్పి పెట్టిన నీ బూట్లలో ఒకటే మిగిలింది.

అది మంచు కరిగి పారే ఏరు, బుజ్జీ. పొద్దంతా ఎండకి పైన మంచు కరుగుతుంది, ఆ నీళ్ళు కిందికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే ఎండాకాలంలో పొద్దున తగ్గి, మధ్యాహ్నం దాటాక పెరుగుతుంది. వాన చుక్క పడక్కర్లేదు, మబ్బు కూడా అక్కర్లేదు. ఇది అక్కడి చిన్నపిల్లలకి కూడా తెలుసు. బ్యాంకులో ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేసిన నాకు తెలియలేదు.

మీ అమ్మ ఒడ్డున నిలబడి అరుస్తోంది, నోరు కదలడం కనిపిస్తోంది గానీ మాట వినిపించడం లేదు. నిన్ను భుజాల మీద ఎక్కించుకుని రెండడుగులు వేశాను. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. కాలికింద రాయి దొర్లింది. నువ్వు నా జుట్టు గట్టిగా పట్టుకున్నావు. ఎలా వెనక్కి తిరిగి బండెక్కానో ఇప్పటికీ నాకు తెలియదు. మీ అమ్మ ఊళ్ళోకి పరిగెత్తింది.

ముగ్గురు మనుషులు తాడుతో వచ్చారు. ఒడ్డున చెట్టుకి ఒక కొస కట్టి, రెండో కొస పట్టుకుని వాళ్ళలో పెద్దాయన నీళ్ళలోకి దిగాడు. అరవై ఏళ్ళుంటాయి. తన ఉన్ని శాలువాతో నిన్ను వీపుకి కట్టుకుని ముందు నిన్ను చేర్చాడు, తర్వాత నాకోసం మళ్ళీ వచ్చాడు. ఒడ్డుకి వచ్చాక నన్ను తిట్టాడు. తల వంచుకుని నిలబడ్డాను. మీ అమ్మ ఢిల్లీ దాకా నాతో మాట్లాడలేదు. రైలెక్కాక కాఫీ కప్పు నా చేతిలో పెట్టి, "ఇంట్లో చెప్పొద్దు" అంది. నువ్వు మాత్రం ఊరంతా చెప్పావు, "నా బూటు చేపలకి ఇచ్చేశాను" అని. అందరూ నవ్వారు. మేమిద్దరం నవ్వలేదు.

తర్వాత 2014 జూన్ 8. తెలంగాణ వచ్చి వారం కూడా కాలేదు, ఆదివారం. సాయంత్రం థలౌట్ దగ్గర బియాస్ నదిలో బండల మీద ఫోటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలారు. లార్జీ అంటే మన తీర్థన్ ఏరు వెళ్ళి బియాస్‌లో కలిసే చోటే. టీవీలో ఆ దృశ్యం చూపించినప్పుడు మీ అత్తయ్య ఆపేయమంది. నేను ఆపలేకపోయాను. నీళ్ళ మధ్య ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లల్లో నాకు నువ్వే కనిపించావు. అదే నెలలో ఆ పార్కుకి యునెస్కో గుర్తింపు వచ్చింది. నాకంత ఇష్టమైన చోటు, ఆ వార్త చదివి సంతోషించలేకపోయాను.

మీరు వెళ్ళేది ఆ థలౌట్ మీదుగానే. కారాపించి ఒక్క నిమిషం దణ్ణం పెట్టండి, రోడ్డు మీంచే.

తీర్థన్ మీద ప్రాజెక్టులు కట్టనివ్వకుండా అక్కడివాళ్ళు పోరాడి ఆపుకున్నారు. అందుకే గేట్లెత్తే భయం లేదని క్యాంపు వాళ్ళు ధైర్యం చెప్పొచ్చు. నిజమే, కానీ మంచుకి గేట్లు లేవు. పైన ఎక్కడో కుండపోత పడినా మీకు తెలియదు. జూలై, ఆగస్టుల్లో అయితే నేను వెళ్ళనే వద్దనేవాణ్ణి. డేరా మెత్తగా, లైట్లు అందంగా ఉంటే మనిషికి ఇంట్లో ఉన్నట్టే అనిపిస్తుంది, అదే నా భయం. పిల్లాడు పొద్దున్నే లేచి జిప్పు తీసుకుని బయటికి పరిగెడితే పది అడుగుల్లో ఏరు. ఒడ్డుకి దూరంగా, ఎత్తులో ఉన్న డేరా ఇమ్మని ఈరోజే ఫోన్ చెయ్యి. డబ్బు ఎక్కువ అడిగితే నేనిస్తాను. వెళ్ళగానే, వెలుగుండగానే, డేరా నుంచి పైకి వెళ్ళే దారి అందరూ ఒకసారి నడిచి చూడండి. నీళ్ళ రంగు మారినా, చప్పుడు మారినా, ఉన్నట్టుండి ఏరు తగ్గిపోయినా సామాన్లు చూసుకోకుండా పైకి వెళ్ళండి. జిప్పుకి పిల్లాడి చేతికి అందనంత పైన తాడుముడి వెయ్యి.

నేను మరీ భయపెట్టానేమో. నీ సంతోషం పాడు చేయాలని కాదమ్మా. పొద్దున్నే ఒడ్డు మీద కూర్చుని ఆ ఏటి చప్పుడు వింటుంటే ఎంత హాయిగా ఉంటుందో నాకు తెలుసు. మోకాలు నొప్పి లేకపోతే నేనూ వచ్చేవాణ్ణి.

ఫోటో తీయించుకో. ఏరు వెనకాల, మీరు ముందు, ఒడ్డున గడ్డి మీద. మీ అమ్మని మధ్యలో కూర్చోబెట్టు, ఆ పాత ఫోటోలో తను లేదు. తిరిగొచ్చాక ఒక కాపీ నాకు పంపు. అందులో పిల్లాడి రెండు బూట్లూ కనిపించాలి.

నీ
పెద్దమామయ్య